కోయిలకుంట్లలో మూడో పెట్టె

ఆ రోజు తెర మీద రెండు వరుసలు కనిపించాయి. పైది నంద్యాల, కిందది ఆళ్లగడ్డ. రెండింటిలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పమని అడుగుతోంది. ఫోన్‌లో ఉన్న కంపెనీ ఇంజనీరు, "ఎక్కడ ఎక్కువ మంది పేషెంట్లు ఉంటారో అది ఉంచండి మేడమ్" అన్నాడు. నేను పైవరుస మీద నొక్కాను. అంతే. ఆళ్లగడ్డలో ఆ పూటంతా రాసుకున్నదంతా చెరిగిపోయింది. అందులో నా కూతురి గురించి రాసిన ఒక వాక్యం కూడా ఉంది.

నేను ఒక పిల్లల ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటాను. పెద్దాసుపత్రి నంద్యాలలో, దాని శాఖ ఆళ్లగడ్డలో. మా అత్తగారిల్లు ఆళ్లగడ్డే కాబట్టి నేను రోజూ బస్సెక్కి నంద్యాల వెళ్లి వస్తాను. మా ఆయన కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, వారానికోసారి వస్తాడు. పాపను అత్త చూసుకుంటుంది.

రెండు ఆసుపత్రుల్లోనూ రికార్డులు దాచే యంత్రం ఒకటి చొప్పున ఉంది. డాక్టరు ఎక్కడ కూర్చుని టైపు చేసినా ఆ మాట అదే క్షణంలో రెండు చోట్లా పడాలి. ఒకటి చెడిపోతే రెండోది పని కొనసాగించాలి. ఇది బాగానే నడిచేది. కానీ ఆ రోజు దారిలో ఎక్కడో రోడ్డు పనికి తవ్వుతూ మధ్య తీగను తెంపేశారు. తీగ తెగితే ఒక యంత్రానికి రెండోది కనిపించదు. అది చచ్చిపోయిందా, బతికే ఉండి మాట అందడం లేదా, తెలుసుకునే దారి లేదు. నంద్యాల యంత్రం ఆళ్లగడ్డది పోయిందనుకుంది. ఆళ్లగడ్డది నంద్యాలది పోయిందనుకుంది. రెండూ ఎవరికి వారే సాయంత్రం దాకా రాసుకుంటూ పోయాయి. తీగ అతికేసరికి ఒకే పిల్లలకు రెండు రకాల రికార్డులు తయారయ్యాయి.

ఆ మధ్యాహ్నమే అత్త ఫోన్ చేసింది. పాపకు దగ్గు ఎక్కువైతే ఆళ్లగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లిందట. సూది వేసే ముందు చేతి మీద మందు చుక్క వేసి చూస్తే ఆ చోట ఎర్రగా దద్దు లేచిందట. "ఈ బిడ్డకు ఆ మందు పడదంటమ్మే. రాసుకున్యారులే, నువ్వేం దిగులు పడొద్దు" అంది. రాసుకున్నారన్న మాట విని నేను నిజంగానే దిగులు మానేశాను. సాయంత్రం ఆ మీట నొక్కేటప్పుడు ఆ మాట నాకు గుర్తు కూడా రాలేదు.

ఇరవై రోజుల తర్వాత పాపకు మళ్లీ జ్వరం వచ్చింది. నేను నంద్యాలలో ఉన్నాను. తర్వాత జరిగింది అత్త చెబితేనే తెలిసింది. సిస్టర్ అదే మందు తీసి సూదిలోకి ఎక్కిస్తోందట.

"ఏయ్, దింపు దాన్ని! ఆ మందు మా బిడ్డకు పడదని మీరే గదా జెప్పినారు!"

"కంప్యూటర్లో ఏం ల్యాదవ్వా."

"కంప్యూటర్ కనిందా బిడ్డను? నా కండ్లతో జూసినా, చెయ్యంతా ఎర్రగా లేసింది. డాక్టరును పిలువు ముందు!"

డాక్టరు వచ్చి మందు మార్చాడు. ఆ వాక్యాన్ని మళ్లీ ఎక్కించారు. అత్త అదంతా తన గొప్పగా చెప్పుకుంటూ పాపకు అన్నం కలుపుతోంది. నేను పాప చేతిని తిప్పి తిప్పి చూస్తున్నాను. అక్కడేమీ లేదు.

మర్నాడు పెద్ద డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఇలాంటి మీట ఇంకెవరూ నొక్కాల్సిన అవసరం రాకూడదు. అది చూడు" అంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఇంజనీరు చెప్పిన ఉపాయం విడ్డూరంగా తోచింది. రెండు యంత్రాలు సరిపోవు, మూడో చోట ఇంకొకటి పెట్టాలి. అది రికార్డులు దాచదు. తీగ తెగినప్పుడు రెండు యంత్రాలూ నెట్ ద్వారా దాన్నే అడుగుతాయి. ముందు చేరిన దానికి నువ్వు రాసుకో అంటుంది, రెండోదాన్ని ఆగమంటుంది. దాన్ని అందుకోలేని యంత్రం తనంతట తానే ఆగిపోవాలి. ఆగిన చోట డాక్టర్లు కాసేపు కాగితం మీద రాసుకుంటారు. ఇబ్బందే. కానీ ఒక బిడ్డకు రెండు రికార్డులు తయారు కావు.

మూడో చోటు కోయిలకుంట్ల అనుకున్నాం. అక్కడ మా ఆసుపత్రి వాళ్లు రక్తం నమూనాలు తీసుకునే చిన్న గది ఉంది. ఆ మూడో యంత్రం ఒక చిన్న పెట్టె, దాన్ని చేతిసంచిలో వేసుకుని వెళ్లాను. ఆ వీధికి నెట్ లైను ఇచ్చే భాయ్ నిచ్చెన మీద నుంచి దిగి దాన్ని చూసి నవ్వాడు.

"ఏందీ, దీనికోసమా మేడమ్ నంద్యాల నుంచి వచ్చినావు? మా ఇంట్లో మసాలా డబ్బా దీనికంటే పెద్దది."

"రెండు ఆసుపత్రులకు తగాదా వస్తే దీని మాటే చెల్లాలి భాయ్."

"అచ్ఛా, మా ఇంటామె మాదిరి అన్నమాట" అంటూ తీగ తగిలించాడు.

నంద్యాల చేరి చూస్తే తెర మీద మూడు యంత్రాల దీపాలూ పచ్చగా ఉన్నాయి. ఆదివారం తీగ లాగి పరీక్ష చేస్తామని డాక్టరమ్మకు చెప్పాను. అయినా రాత్రి ఇంట్లో మామ ముందు కూర్చుని శనగలు ఏరుతుంటే మనసంతా ఆ పరీక్ష మీదే ఉంది. మామ తక్కువ మాట్లాడే మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో అన్నదమ్ములు భాగాలు పంచుకుంటే ఆయన్ను పెద్దమనిషిగా పిలుస్తారు.

"ఏలమ్మా, రాళ్లు దీసి శనగల్లో యేస్తాండావు?" అన్నాడు.

మీట నొక్కిన సంగతి దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన చాట కింద పెట్టి విన్నాడు.

"అంటే మూడోది పెద్దమనిషి అన్నమాట."

"ఊఁ మామా."

"మరి ఆ పెద్దమనిషి అన్నం యాడ తింటాడు? యెవరి బండెక్కి వస్తాడు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. భాగాలకు పోయేటప్పుడు మామ ఇంటి నుంచే క్యారియర్ కట్టించుకుంటాడు. నీళ్ల సీసా కూడా మోపెడ్‌కు తగిలించుకుంటాడు. అన్నదమ్ముల్లో ఏ ఒక్కరి ఇంట్లోనూ గుటక నీళ్లు తాగడు. ఎంత ఎండైనా వాళ్ల బండెక్కడు. నేను పెళ్లై వచ్చిన కొత్తలో ఇదంతా చాదస్తం అనుకునేదాన్ని.

"పెద్దోని బండి మీద పోతే, పెద్దోడు బండి దియ్యని రోజు నేను పోలేను గదా. ఆ రోజు సిన్నోని గతేంది?" అన్నాడు.

నేను శనగలు వదిలేసి పెట్టె సంగతి తలుచుకున్నాను. పెట్టెకు కరెంటు ఆ గదిలోని ఇన్వర్టర్ నుంచి వస్తుంది, దానికి ఢోకా లేదు. కానీ దారి? మా శాఖల నెట్ అంతా నంద్యాల ఆసుపత్రి సర్వర్‌లోకి వచ్చి, అక్కడి నుంచే బయటికి పోతుంది. అలవాటు కొద్దీ కోయిలకుంట్ల పెట్టెను కూడా నేను అదే దారిలో కలిపాను. సులువు కాబట్టి. నంద్యాల మొత్తం పడిపోయిన రోజు ఆళ్లగడ్డ యంత్రానికి జంట యంత్రమూ అందదు, పెద్దమనిషీ అందడు. అందకపోతే ఆగిపోవాలని నేనే నియమం పెట్టాను. బాగానే ఉన్న యంత్రం మూగగా కూర్చుంటుంది. సిస్టర్ తెర చూస్తే ఏమీ ఉండదు. మళ్లీ సూది తీస్తుంది. అన్నిసార్లూ అత్త పక్కన ఉంటుందా?

పొద్దున్నే కోయిలకుంట్ల బస్సెక్కాను.

"భాయ్, ఈ లైను యాడ నుంచి వస్తాంది?"

"నంద్యాల నుంచి. ఇంక యాడ నుంచి వస్తాది?"

"ఆళ్లగడ్డ దగ్గరే కదా. అటు నుంచి రాదా?"

"బస్సు పోతాది మేడమ్, తీగ పోదు. ఆళ్లగడ్డదీ నంద్యాలకే పోవాల, ఈడిదీ నంద్యాలకే పోవాల. ఆడ తెగితే ఈడ మా సీరియల్ గూడా ఆగిపోతాది. ఆ రోజు ఇంట్లో నా గతి సూడాల."

ఈసారి నాకు నవ్వు రాలేదు. సర్వర్ ఒక్కటే కాదు, మట్టిలో ఉన్న తీగ కూడా నంద్యాలదే. నేను మార్చగలిగింది నా దారి ఒక్కటే. సెల్ టవర్ నుంచి నెట్ తీసుకునే సిమ్ పెట్టెలు రెండు తెచ్చాను. ఒకటి కోయిలకుంట్లలో, ఒకటి ఆళ్లగడ్డలో. తీగ తెగినా ఆ రెండూ నంద్యాల గడప తొక్కకుండా మాట్లాడుకోవాలి. భాయ్ నా కోసం సిమ్ పెట్టెను కిటికీ దగ్గర, గోడ మీద, మేడ మెట్ల మీద పెట్టి చూసి చివరికి సిగ్నల్ నిలిచే మూల పట్టుకున్నాడు. "పరేషాన్ గావద్దు, నా లైను కాకపోయినా నేను సూసుకుంటా" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఓపీ లేదు. రెండు చోట్లా వార్డుల్లో కాగితాలు సిద్ధంగా పెట్టించాను. నేను ఆళ్లగడ్డలో కూర్చున్నాను. నంద్యాలలో రికార్డుల గది చూసే అక్క యంత్రం పక్కన నిలబడి ఫోన్‌లో ఉంది. నా తెర మీద మా పాప పేజీ తెరిచి ఉంచాను. పరీక్షకు ఇంకొకరి బిడ్డ పేజీ ముట్టుకోవడం నాకు చేత కాలేదు.

"లాగు అక్కా. నీలం తీగలు రెండూ. ఆళ్లగడ్డకు పోయేదీ, బయటి నెట్‌దీ."

"లాగేసినా."

తెర బిగుసుకుపోయింది. మౌస్ కదులుతోంది కానీ పేజీలో ఏదీ కదలడం లేదు. గోడ గడియారం చూడకూడదనుకుని చూశాను. ఇంజనీరు కొద్ది క్షణాలే అన్నాడు. ఆ కొద్ది క్షణాలు దాటిపోయినట్టే అనిపించింది. "ఏమాయె? గమ్మునుండావు?" అని అక్క అడుగుతోంది. "ఉండక్కా" అన్నాను. ఆళ్లగడ్డ యంత్రం మీద దీపం పసుపు రంగులోకి మారింది. ఆగిపోతోంది అనుకున్నాను. ఆ పసుపు అలాగే వెలుగుతూ ఉంది. అప్పుడు పేజీ కదిలింది. ఆ పసుపు ఆగినందుకు కాదు, జంట లేకుండా నడుస్తున్నందుకు.

"అక్కా, నీ దగ్గర తెర ఎలా ఉంది?"

"నా కాడ ఏం పనిచేయల్యా. ఆగిపోయింది."

ఒకటి ఆగింది, ఒకటి నడుస్తోంది. నేను పాప పేజీలో ఆ వాక్యాన్ని మళ్లీ టైపు చేశాను. చేతి మీద చుక్క వేసినప్పుడు దద్దు లేచింది, ఈ మందు ఇవ్వకూడదు. రెండు అక్షరాలు తప్పు పడ్డాయి. దిద్ది భద్రం చేశాను.

"ఇప్పుడు తగిలించు అక్కా."

అప్పుడు అసలు భయం పట్టుకుంది. పోయినసారి తీగ కలిసిన ఈ క్షణంలోనే తెర ఏది ఉంచాలని నన్ను అడిగింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండు వరుసలు వస్తాయేమోనని చూస్తున్నాను. రాలేదు. దీపం పచ్చగా మారింది. ఎవరూ నన్నేమీ అడగలేదు.

"అక్కా, మా పాప పేజీ తెరువు. చివరి వాక్యం చదువు."

అక్క కూడబలుక్కుంటూ చదివింది. మందు పేరు దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది.

"ఇంకొకసారి చదువు."

"ఏందిమ్మా, సక్కగా చదివినా గదా?"

"చదివినావు. ఇంకొక్కసారి."