ఎనుము ఎవరికి చెందాల?

వకీలు గుమ్మంలో ఎనుము ఎందుకుండాదని పోయిన వారమంతా తిరుపతిలో నన్ను అడగనోళ్లు లేరు. కూసోండప్పా, టీ తాగతా చెప్తాను.

నేను నల్లకోటు వేసుకొని ఇంకా ఏడాది కాలేదు కదా, ఏదో ఒక కేసు వస్తే సాలని ఎదురుసూస్తా ఉంటి. బస్టాండు కాడ టిఫిన్ అంగడి నడిపే కమలమ్మ, మునిరత్నం వచ్చినారు. పదేండ్లుగా ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండారు. పెండ్లి మాత్రం చేసుకోలేదు. అంగడి పనిలో తీరిక దొరకలేదంట. ఇప్పుడు విడిపోతాం, సామాన్లు పంచమన్నారు.

"తాళి లేదు కాబట్టి పెండ్లాం హక్కు రాదమ్మా. ఎవురు కొన్నది వాళ్లకి, కలిసి కొన్నది సగం సగం" అని పెద్ద లాయరు మాదిరి చెప్పినాను.

ఇల్లు ఆమె పేరున ఉండాది, ఆమెకే. అంగడి ఆయప్పకి. గ్రైండరు, బెంచీలు, ట్రాన్సిస్టరు కూడా తేలిపోయినాయి. ఎనుము కాడ వచ్చి బండి ఆగిపోయింది.

"కొన్నది నేను" అన్నాడు మునిరత్నం.

"దూడప్పటి నుంచి సాకింది ఎవురు? నువ్వు పోతే పో, అది లేకుండా నేనుండలేను" అని కమలమ్మ కండ్లు తుడుసుకునింది. ఆయప్ప మొగం మాడిపోయింది.

నాకు తెలివి ఎక్కువైంది. "మాట తెగేదాకా మా ఇంటి కాడ కట్టేయండి" అన్నాను.

నాది అద్దె ఇల్లని అప్పుడు గుర్తుకు రాలేదు. మరుసటి రోజే అది పలుపు తెంపుకొని, ఓనరమ్మ పూజ చేసే తులసి చెట్టును మొదలుకంటా మేసేసింది. ఓనరాయన నీళ్ల చెంబుతో వచ్చి, ఖాళీ తులసికోట పక్కన నిలబడినాడు.

"వకీలు సారూ, ఈడ ఎనుమైనా ఉండాల, మేమైనా ఉండాల. ఇల్లు మాది కాబట్టి మేమే ఉంటాం. వారంలో ఖాళీ చేయండి" అన్నాడు.

ఆ పొద్దే ఇంకో ఇల్లు వెతుక్కునేదానికి బయల్దేరినాను.

ఆ వారమంతా పాలు పిండేదానికి ఆమె, గడ్డి వేసేదానికి ఆయప్ప మా గుమ్మం ముందరే ఎదురుపడతా వచ్చినారు. మొదట ఇద్దరూ ఎనుముతో మాట్లాడినారు. తర్వాత ఎనుము మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. నిన్న సాయంత్రం ఎనుమును తోలుకొని ఇద్దరూ కలిసి ఇంటికి బయల్దేరేటప్పటికి, నేను ట్రంకు పెట్టె సర్దుకుంటా ఉండాను.

పెండ్లి కాని మొగోడికి ఇల్లెవురు ఇస్తారు? కమలమ్మకే జాలేసింది.

"మా మిద్దె మీద గది ఉండాది, వచ్చెయ్ నాయనా" అనింది.

"అద్దె ఎంతమ్మా?" అని అడిగినాను.

మునిరత్నం అందుకున్నాడు. "అద్దె సంగతి తర్వాత సామీ. ముందొక మాట ఇయ్యి. మేం కొట్లాడుకుంటా ఉంటే నువ్వు కిందికి దిగి రాకూడదు."