కమాండెంటు నడుమూ, గోరంత గాటూ

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో మా వీధివాళ్లందరికీ తెలెస్ఫోరో పాల్మారెస్ అంటే కమాండెంటే. అయితే ఆయన సైన్యం ముఖం ఎన్నడూ చూడలేదు. హైస్కూల్లో పిల్లలకు కవాతు నేర్పి రిటైరయ్యాడు. వంగి నడిచే మనిషి కనబడితే ఆయన ప్రాణం ఊరుకోదు. చర్చిలో ప్రార్థనకు వంగిన ముసలమ్మల వీపులను కూడా వేలితో పొడిచి నిటారు చేసేవాడు. ఆ పోట్లు నేనూ తిన్నాను.

అలాంటి మనిషికి అరవై దాటాక నడుం నొప్పి పట్టుకుంది. నాలుగిళ్లు నడిచేసరికి పిరుదుల నుంచి పిక్కల దాకా మంట, ఆపైన తిమ్మిరి. ముందుకు వంగితే మాత్రం హాయి. వంగితే హాయిగా ఉందని ఆయన ఏ నోటితో చెబుతాడు? రోజూ పొద్దున్నే సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, సామాన్ల బండి మీద మోచేతులు ఆనించి, చాలాసేపు తిరిగి, ఒక సబ్బు కొనుక్కుని వచ్చేవాడు.

"సబ్బులు పెట్టడానికి ఇంట్లో చోటు లేదు" అంది ఆయన భార్య కొన్సోర్సియా నాతో. "డబ్బు తీసుకునే చోట ఎవతో ఉండి ఉంటుంది. లేకపోతే ఈయనకు ఇంత శుభ్రం ఎక్కడిది?"

ఒకరోజు ఆమె వెనకాలే వెళ్లింది. ఎవతీ లేదు. బియ్యం బస్తాల వరుసలో మొగుడు బండి మీద సగానికి వంగి, ఈల వేసుకుంటూ నడుస్తున్నాడు. మర్నాడే ఆయన్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది.

"వంగితే ఎలా ఉంటుంది, సర్?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేను వంగను."

"బండి దొరికితే వంగుతాడమ్మా" అంది కొన్సోర్సియా.

స్కానింగు చూసి అసలు సంగతి చెప్పారు. వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైంది. అక్కడి ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ దళసరెక్కి నరాలను నొక్కుతోంది. మాత్రలు, వ్యాయామాలు, ఒక ఇంజెక్షను అన్నీ అయ్యాయి. ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు. చివరికి సన్నని గొట్టం లోపలికి పంపి, ఆ దళసరిని కొంచెం కొంచెంగా గిల్లి తీసేద్దామంది డాక్టరమ్మ.

"ఎంత కోస్తారు?"

"గోరంత. మత్తు కూడా ఆ చోటికే. సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు."

ఆయన మొహం వాడిపోయింది. అప్పటికే వీధంతా వెన్ను ఆపరేషనని చెప్పుకున్నాడు. ఫాదరు దగ్గర పాపాలన్నీ ఒప్పుకుని, పందెం కోడిని పక్కింటి బెర్తింగుకు రాసిచ్చేశాడు కూడా.

ఆపరేషను రోజు సాయంత్రం మేం ఆడవాళ్లం వాళ్లింట్లో కూర్చుని ఆయన ప్రాణం కోసం జపమాల తిప్పుతున్నాం. ఇంకా సగం కూడా కాలేదు, కమాండెంటు తన కాళ్ల మీద తనే నడిచి లోపలికి వచ్చాడు. ప్రార్థన ఆపాలో కొనసాగించాలో ఎవరికీ తోచలేదు. మొదలుపెట్టాం కదా అని పూర్తిచేశాం. ఆయనా మాతో గొంతు కలిపాడు.

తర్వాత పళ్లతో వచ్చిన బెర్తింగు, ఆయన్ని చొక్కా ఎత్తి చూపించమన్నాడు. చిన్న ప్లాస్టరు ఒకటుంది.

"ఇంతేనా అన్నా? దీనికా నేను రంబుటాన్ పళ్లు తెచ్చింది?"

"పళ్లు తీసుకుపో. కోడిని మాత్రం తిరిగివ్వు" అన్నాడు కమాండెంటు.

మర్నాడు ఆయన వెడల్పాటి నడుంపట్టీ ఒకటి కొని, చొక్కా పైనే కట్టుకున్నాడు. డాక్టరమ్మ అలాంటిదేమీ రాయలేదు.

మంట చాలావరకు పోయింది. ఎడమ పాదంలో తిమ్మిరి కొంచెం మిగిలింది. మార్కెట్టు దాకా నడుస్తాడు, దారిలో ఒకసారి కూర్చుంటాడు. ఇప్పుడు ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఆ డాక్టరమ్మ దగ్గరికే పంపుతున్నాడు. మెడ పట్టేసిన జాలరిని పంపాడు. పంటి నొప్పి ఉన్న నన్ను కూడా పొమ్మన్నాడు. ఈ వైద్యం అందరికీ పనికిరాదు, దయచేసి ఇక ఎవరినీ పంపవద్దని మొన్న ఆస్పత్రి నుంచి కబురొచ్చింది.

"చూశావా, మన డాక్టరమ్మకు ఎంత గిరాకీనో" అన్నాడు కొన్సోర్సియాతో.