వెనక ఇంజిను, ముందు నోరు

కంటితో చూడని కారు కోసం మీరెప్పుడైనా సొంత బావతో పోట్లాడారా? నేను పోట్లాడాను. తొంభైల చివర్లో, లోకంలోని అజ్ఞానమంతా నా ఒక్కడి చేతిలోనే చావాలని నేను నమ్మిన రోజుల్లో, పలాస రీడింగ్‌రూములో ఒక కార్ల పత్రిక దొరికింది. అందులో ఒక జర్మనీ స్పోర్ట్స్ కారు పాత తరం, కొత్త తరం పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ ఇంజిను వెనకే. పాతదాన్ని ఫ్యాను గాలి చల్లారుస్తుంది, కొత్తదాన్ని లోపలి గొట్టాల్లో తిరిగే నీళ్ళు. పాతదాని దీపాలు గుండ్రటి కళ్ళు, కొత్తదానివి సొన కారిన ఆమ్లెట్లు (ఈ సంగతి వాదనలో దాచాను).

వజ్రపుకొత్తూరు నుంచి పలాసకు ఆటో నడిపే మా బావ బొమ్మ చూసి మురిసిపోయాడు. "ఇంజిన్ ఎనకే, సల్లార్సీది గాలే! ఈ పాతకారు నా ఆటోకి అన్న కాదేటి? కొత్తదానికేటి రోగం, నీల్లు తాగుతాది?"

"శాస్త్రం ముందుకెళ్తుంది బావా! గాలి రోజులు అయిపోయాయి."

ఆ వారమే పలాసలో నా మొదటి వక్తృత్వపు పోటీ. విషయం, మూఢనమ్మకాలు. పదింటికి పేరు మూడుసార్లు పిలుస్తారు, పలకకపోతే జాబితాలోంచి కొట్టేస్తారు. పొద్దున్నే బావ ఆటో ఎక్కబోతే, వాళ్ళమ్మ, అంటే మా అత్త, ఆటో ముందర పసుపునీళ్ళు జల్లుతోంది. "ఈ నీళ్ళతో ఇంజినుకేం ఒరుగుతుంది అత్తా?" అని అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టాను.

"నీ నోటికి మూత లేదేటిరా? ఎక్కు!" అంది.

సగం దారిలో, జీడితోటల మధ్య, ఇంజిను వేడెక్కి ఆగింది. "పది నిమసాలాగు, గాలికి సల్లారతాది" అని బావ తోటలోకి వెళ్ళాడు. నాకా తొందర. వెనక మూత ఎత్తి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ కొత్త తరం పద్ధతిలో ఇంజిను మీద గుమ్మరించాను. టిక్కుమంది. ప్లగ్గు పింగాణీ చిట్లింది, ఇక ఇంజిను స్టార్టవదు.

"ఏటి సేసినావురా?"

"నీళ్ళతో చల్లార్చాను."

"నీల్లు ఇంజిన్ లోపల గొట్టాల్లో తిరుగుతాయని నువ్వే కదరా సదివి సెప్పినావు! నెత్తి మీద పొయ్యమన్నాడేటి ఆ జర్మనీవోడు?"

మారు ప్లగ్గు ఇంట్లో ఉంది. పలాస దాకా ఇసుకలో, ఎండలో ఇద్దరం ఆటోను తోశాం. నల్లటి చేతులతో నేను సభ గుమ్మం ఎక్కేసరికి నా పేరు కొట్టేశారు. సాయంత్రం అంతా విన్న అత్త నవ్వలేదు, తిట్టలేదు. "నా నీల్లకి ఆటో సెడిపోలేదురా నాయినా" అంది, అంతే. చదివినదాన్ని అర్థం చేసుకోకుండా గుడ్డిగా నమ్మి నీళ్ళు పోసినవాణ్ణి నేనే కదా!

కొన్నేళ్ళకు బావతో విశాఖ వెళితే, బీచిరోడ్డులో ఆ కొత్త తరం కారు నిజంగానే కనబడింది. నేను నోరు తెరిచేలోపు బావ వెనక్కి వెళ్ళి, వంగి చూసి, "నీల్లు తాగితే తాగింది గాని, ఇదీ మన సుట్టమేరా" అన్నాడు. ఒకప్పటి నాలోని ఆ ఇరవయ్యేళ్ళ వక్త మీద నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. పాపం, వాడికి తెలియనిది ఒక్క ఇంజినే కాదు.

మీరు ఇవాళ దేనిమీద గట్టిగా వాదిస్తున్నారో, లేచి వెళ్ళి దాని మూత ఎత్తి చూడండి. చేతిలో నీళ్ళుంటే మాత్రం ముందు కింద పెట్టండి.