ప్రాంప్టింగ్ చెప్పిన రోజులు

నటన నేర్చుకున్న ఏడాది పొడవునా మా మాస్టారు నాతో ఒకే మాట అనేవారు: "కళ్లున్నాయి, గొంతు లేదు." తీరా నాకు దొరికిన మొదటి పని గొంతుతోనే. ఒక టీవీ సీరియల్‌లో ప్రాంప్టింగ్. కెమెరా పక్కన నేలమీద కూర్చుని, కాగితం చూస్తూ డైలాగును ముక్కముక్కగా అందించాలి. నటులు అది విని, భావం కలిపి పలుకుతారు. డబ్బింగ్ తరవాత చెబుతారు కనుక నా గొంతు తెర మీదికి రాదు. అందించేవాళ్లు భావం పెడితే నటులకు చిరాకు. అందుకని ఏడుపునీ కోపాన్నీ ఒకేలా, కూరగాయల జాబితా చదివినట్టు చదివేదాన్ని.

నిజాంపేట హాస్టల్లో నా డైరీ నిండా సొంత సీన్లే. ఎవరికీ చూపించే ధైర్యం లేదు. ఆరు నెలలైనా వేషమూ రాలేదు. అప్పుడు మా షూటింగు మాదాపూర్‌లో, కొత్తగా లేచిన ఒక అద్దాల భవనంలో జరిగేది. అందరూ టీ తాగుతుంటే నేను ఖాళీ కారిడార్లో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేదాన్ని. కూర్చుంటే ఊపిరాడేది కాదు.

ఒక ఉదయం రిసెప్షనిస్టు వేషం వేయాల్సిన అమ్మాయి రాలేదు. దర్శకుడు చుట్టూ చూసి నా దగ్గర ఆగారు.

"అమ్మాయ్, యాక్టింగ్ నేర్చుకున్నానన్నావుగా. ఒక్కటే డైలాగు. బాగా చేస్తే ఇక ఆఫీసు సీన్లన్నిట్లో నువ్వే."

మేకప్ వేసే అక్క నా గడ్డం పట్టుకుంది. "జర కదలకుండ కూసో. పౌడరంత చెవులల్ల పోతున్నది."

"భయంగా ఉందక్కా."

"దినాం అందరి డైలాగులు నువ్వే చెప్తవ్. నీదొక్కటి చెప్పనీకేం ఫికర్?"

హీరోయిన్ ఇంటర్వ్యూకి ఆలస్యంగా వస్తుంది. నేను "ఇంటర్వ్యూలు అయిపోయాయండి" అనాలి. అన్నాను. హీరోయిన్ నోరు తెరిచింది. అంతలో నా నోరు దానంతటదే, ఆ కూరగాయల గొంతుతో, ఆవిడ డైలాగు అందించేసింది: "రెండు బస్సులు మారి వచ్చాను."

"కట్."

"నువ్వూ రెండు బస్సులు మారే వచ్చావా తల్లీ?" అంది హీరోయిన్. అందరూ నవ్వారు. నిజానికి మారే వచ్చాను.

"ఇంకొక్క టేక్," అన్నారు దర్శకుడు. "ఇదీ పోతే రిసెప్షనిస్టును తీసేసి తలుపుకి 'ఇంటర్వ్యూలు అయిపోయాయి' అని బోర్డు తగిలిస్తా."

ఈసారి నా డైలాగు చెప్పి పళ్లు బిగించాను. హీరోయిన్ పలకలేదు. నా బదులు ప్రాంప్టింగుకి కూర్చున్న అసిస్టెంటు కాగితాల్లో ఎక్కడున్నామో వెతుక్కుంటున్నాడు. ఆవిడ కళ్లు అలవాటుగా నా మీదే నిలిచాయి. ఆ మాట నా నాలుక చివరే ఉంది. అందిస్తే నా వేషం పోతుంది. ఊరుకుంటే షాటుతో పాటు అదీ పోతుంది.

"ఎంత దూరం నుంచి వచ్చారండి?" అని అడిగాను.

ఆవిడ ముఖం తేటపడింది. "రెండు బస్సులు మారి వచ్చాను. ఐదు నిమిషాలు చాలండి."

ఎవరూ కట్ చెప్పలేదు. నా దగ్గర ఇక మాటలు లేవు. లోపలి తలుపు వైపు ఒకసారి చూసి, కుర్చీ చూపించాను. అప్పుడు కట్ అన్నారు.

"ఆ ప్రశ్న కాగితంలో ఉందా?"

"లేదు సార్."

"మరి రాసిపెట్టు. డబ్బింగుకి కావాలి. రేపు పదింటికి నీ రెండో సీను."

మారిన డైలాగులు కాగితంలో ఎక్కించడం ప్రాంప్టరు పనే. ఇన్నాళ్లూ ఇతరులవి ఎక్కించాను. నాది ఎక్కిస్తుంటే అక్షరాలు గీత దాటిపోయాయి.

"సార్, దానికి డబ్బింగ్ నేనే చెప్పుకోవచ్చా?"

ఆయన అప్పటికే తరవాతి షాటు చూసుకుంటున్నారు. "చూద్దాంలే. ముందు వచ్చి ప్రాంప్టింగ్ చెప్పు."

రిసెప్షనిస్టు చీరలోనే నేలమీద కూర్చుని కాగితం తిప్పాను.