ఇంతవరకు ఏమీ చెయ్యలేదు

గ్రేటర్ నోయిడా బస్సులో నా చేతిలోని తెలుగు నోట్సు చూసి పక్కసీటు పెద్దాయన పలకరించారు. "సివిల్స్‌కా బాబూ? ఏం చదువుతున్నావు?"

తీవ్రవాదులు ఇంట్లోకొచ్చి కొట్టాక అమెరికా తీరే మారిపోయిందనీ, ఎదుటివాడు చెయ్యెత్తేదాకా ఆగకుండా ముందే కొట్టాలనుకుందనీ, అలాగే ఇరాక్ మీదికి వెళ్లిందనీ చెప్పాను. "చివరికి అక్కడ ఉన్నాయని వాళ్లు చెప్పిన ఆయుధాలే దొరకలేదండీ."

ఆయన తాపీగా పల్లీలు వలిచి సగం నా చేతిలో పోశారు.

"దొరక్కపోతే లేనట్టా? బాగా దాచారన్నమాట."

నవ్వబోయి ఆగాను. ఆయన నవ్వడం లేదు.

"మా పై వాటాలో కొత్తగా అద్దెకి దిగారు, నలుగురు కుర్రాళ్లు. చప్పుడు చెయ్యరు. ఎదురైతే తలొంచుకుని పోతారు."

"ఏమైనా చేశారా అంకుల్?"

"ఇంతవరకు ఏమీ చెయ్యలేదు. అదే నా భయం. పోయినేడు మా వీధిలో దొంగలు పడి ఒకాయన్ని చావగొట్టారు. మన వంతు వచ్చేదాకా కూర్చోవాలా, చెప్పు?"

మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్న పొడవాటి పొట్లాన్ని సర్దుకున్నారు. చిరిగిన పేపర్లోంచి కొత్త కర్ర, దాని కొసకి తొడిగిన ఇనప పొన్ను కనిపించాయి.

"మా సెక్టార్ వచ్చేసింది. నువ్వెక్కడ దిగాలి?" అంటూ లేచారు.

నేనూ అక్కడే దిగాలి. ఆ సెక్టార్లోనే ఒక గదిలో కొత్తగా చేరాను. తర్వాతి స్టాపు పేరు చెప్పి, అక్కడిదాకా వెళ్లి వెనక్కి నడిచాను.

ఇప్పటికీ మెట్ల మీద ఎవరు ఎదురైనా ముందు నమస్కారం నేనే పెడతాను. రెండు చేతులూ బాగా కనిపించేలా.