ఆరంగుళాల గొట్టం

గ్రీన్ కార్డు చేతికి రాగానే లోకంలో అందరూ ఇల్లు కొంటారు. మా ఆయన రివాల్వర్ కొన్నారు. అదీ మామూలుది కాదట, జోరైన తూటాలు పేల్చే మాగ్నమ్. గొట్టం పొడవు ఆరంగుళాలు. అప్పుడు మేం కాపెల్ అనే ఊళ్లో రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. పాపకు మూడేళ్లు. ఇంట్లో తుపాకీ ఉందని తలుచుకుంటేనే నాకు గుండెదడ. "పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాగా" అనేవారు. కళ్లజోడు ఎక్కడ పెట్టారో రోజూ నన్నడిగే మనిషి!

ఆ ఏడు దసరాకి మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ఆయుధపూజలో లాప్‌టాప్ పక్కన దీన్నీ పెట్టి, గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి హారతిచ్చారు. ఆవిడ తప్పేముంది? ఇన్నేళ్లూ స్క్రూడ్రైవర్లకీ కుట్టుమిషన్‌కీ బొట్టు పెట్టిన చెయ్యి. ఇన్నాళ్లకు అసలైన ఆయుధం దొరికింది.

మా ఆయనకో ఆఫీసు స్నేహితుడు. నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఆయనకూ ఒక మాగ్నమ్ ఉంది, నాలుగంగుళాలది. శనివారం వచ్చిందంటే చాలు, నా చేత రెండేసిసార్లు టీ పెట్టించుకుని ఇద్దరూ గొట్టాల పొడవు మీద వాదులాడుకునేవాళ్లు.

"బారెల్ లాంగ్ ఉంటే గ్యాస్ బుల్లెట్‌ని ఎక్కువసేపు పుష్ చేస్తుంది. వెలాసిటీ పెరుగుతుంది. సింపుల్ ఫిజిక్స్" అనేవారు మా ఆయన.

"పుస్తకంలో పెరుగుతుంది బాస్. నా దాంతో పోటీ పెట్టి చూడు" అనేవారు అన్నయ్యగారు.

వినీ వినీ విసుగెత్తి, "అయితే కొలవండి" అన్నాను. "ఆరంగుళాలది గెలిస్తే ఇంట్లో ఉంటుంది. ఓడితే పోతుంది. సరేనా?" మా ఆయన నవ్వుతూ ఒప్పుకున్నారు. ఫిజిక్స్ తన పక్షాన ఉందిగా మరి.

పాపను అత్తగారికి అప్పగించి ముగ్గురం తుపాకులు పేల్చి చూసుకునే షూటింగ్ రేంజ్‌కి వెళ్లాం. తూటా వేగం కొలిచే యంత్రాన్ని ఎదురుగా నిలబెట్టారు. ఒకే డబ్బాలోని తూటాలు, చెరో ఆరు. అంకెలు రాసే పని నాది. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని కదా, మగవాళ్ల గొప్పలకు రిపోర్టు రాయడం నాకు కొత్తేం కాదు. సగటు తీస్తే అన్నయ్యగారి పొట్టిదే సెకనుకు ముప్పై అడుగులు ముందుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"అమ్మ పూసిన గంధం లోపల ఉండిపోయిందేమో" అన్నారు మా ఆయన. ఆడలేక మద్దెలోడు అన్నట్టు! గంధమంతా టూత్‌బ్రష్‌తో గంటసేపు తోమింది తనే.

అక్కడ పనిచేసే ముసలాయన మా రివాల్వర్ అందుకుని వెలుతురుకి పట్టి చూశాడు. తూటాలుండే చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుందట. మా దాంట్లో ఆ సందు కాస్త ఎక్కువట, గ్యాసు అక్కడే తప్పించుకుపోతోందట. పొడవొక్కటే చూస్తే చాలదు, తుపాకీకీ తుపాకీకీ తేడా ఉంటుందన్నాడు.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా, థియరీ కరెక్టే! పీస్ బాగాలేదు, అంతే. ఇది ఇచ్చేసి ఎనిమిదంగుళాలది తీసుకుందాం."

నాకు ఒళ్లు మండింది. నేరుగా ముసలాయన్నే అడిగాను, ఈ రెండింట్లో దేని తూటా మా అపార్ట్‌మెంట్ గోడ దాటుతుందని.

ఆయన నవ్వలేదు. "రెండూ దాటుతాయమ్మా. ఆ గోడా, దాని వెనక గోడా కూడా" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన పెట్టె పట్టుకుని మా పడగ్గదిలోకి వెళ్లారు. పెట్టె దాచే అల్మరా తలుపు తీసి, దాని వెనక గోడను వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి చూశారు. జిప్సం గోడ, డొల్లగా మోగింది.

అవతల గదిలోంచి రెండు దెబ్బలు తిరిగొచ్చాయి. "డాడీ, నేను ఇక్కడ ఉంది! మళ్లీ కొట్టు!" అంది పాప, ఆట అనుకుని.

ఆయన మళ్లీ కొట్టలేదు. ఆ సాయంత్రమే పెట్టె తీసుకెళ్లి, కొన్న కొట్లోనే ఇచ్చేసి వచ్చారు. నోటిదాకా వచ్చిన దెప్పుళ్లన్నీ నేను మింగేశాను.