ఎస్తేరవ్వ వేలు

పల్చటి కాగితం మీద వేలు జారుతుంటే ఒక చిన్న చప్పుడు వస్తుంది. నిన్న మహబూబాబాద్‌లో, నేను పాఠాలు చెప్పే తరగతిలో, ఒక పాప పుస్తకం మీద వేలు జరుపుతూ గడగడా చదివింది. దగ్గరికి వెళ్ళి చూస్తే తెరిచి ఉన్నది వేరే పాఠం. చివరిదాకా చదవనిచ్చాను. ఎస్తేరవ్వ గుర్తొచ్చింది.

మాది కొడకండ్ల దగ్గర తండా. అమ్మానాయినలు ఇళ్ళ కట్టుబడి పనికి హైదరాబాదు పోతూ నన్ను నాయనమ్మ దగ్గర వదిలారు. రాష్ట్రం కోసం బంద్‌లు, సమ్మెలు నడుస్తున్న రోజులవి. బడి వారాల తరబడి మూతపడింది. తండా పక్క ఊరి చివర ఒంటరిగా ఉండే ఎస్తేరవ్వ సాయంత్రం పూట పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి బైబిలు చెప్పేది. ఆమెకు పిల్లలు లేరు, భర్త పోయి మూడేళ్ళయింది. మేము మొక్కే దేవత వేరే అయినా, బడి లేనప్పుడు అక్కడైనా కూర్చోమని నాయనమ్మ నన్ను పంపేది.

ఇంట్లో మా తండా మాటే మాట్లాడుకుంటాం కనుక, తెలుగులో నోరు విప్పితే నవ్వుతారని నాకు భయం. అవ్వ మాత్రం నన్నే అడిగేది.

"నూరు గొర్లల్ల ఒక్కటి తప్పిపాయె. కాపరి బువ్వ గూడ తినకుంట ఎతుకవోయిండు. ఆ గొర్రెకు ఎట్లుండెనో నువ్వు చెప్పు బిడ్డా."

"బుగులైతది అవ్వా. అమ్మ యాదికొస్తది," అన్నాను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత నాకు అవ్వ పక్కనే చోటు.

పక్కన కూర్చోవడమే ముప్పయింది. అప్పుడు నాది ఐదో తరగతి; తెలివి ఎక్కువ, బుద్ధి తక్కువ. ఒక సాయంత్రం అవ్వ వేలు జరుపుతూ మళ్ళీ గొర్రె కథే చదువుతోంది. వంగి చూశాను. ఆ పేజీ నిండా ఎవరు ఎవరిని కన్నారో ఆ పేర్లే.

"అవ్వా, గీడ గొర్రె లేదు! అన్నీ పేర్లే ఉన్నయి. నీకు సదువు రాదా?"

పిల్లలు పగలబడి నవ్వారు. అవ్వ పుస్తకం మూసి, "ఇగ ఇండ్లకు పోండ్రి," అంది. మర్నాటి నుంచి ఒక్కొక్కరే మానేశారు. సిగ్గుతో నేనూ వెళ్ళలేదు. అంతలో బళ్ళు తెరిచారు, అవ్వను అందరూ మరిచిపోయారు.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. పది రోజులకు ధైర్యం చేసి వెళ్ళాను. చాప పరిచే ఉంది. అవ్వ ఒక్కతే ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుంది.

"మా ఆయన గిట్లనే ఏలు పెట్టి సదువుతుండె," అంది నన్ను చూసి. "రోజు ఇని ఇని నోటికొచ్చింది. ఏలు జరుపుతాంటే ఆయన పక్కకున్నట్టే ఉంటది బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. గొర్రె కథ వెతికి కూడబలుక్కుంటూ చదివాను. ఒక మాట తప్పు చదివితే అవ్వ కళ్ళు మూసుకునే దిద్దింది. అయిపోయాక నా తల నిమిరింది.

"అందరు పోయినా ఒక్కదానివి మర్లొచ్చినవు గద. సాలు."

మరుసటి ఏడు అమ్మానాయినలు నన్ను తీసుకుపోయారు. బస్సు కదిలేదాకా అవ్వ నిలబడే ఉంది. ఆమె పోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ చాప మీద ఆమె ఎన్ని సాయంత్రాలు ఒంటరిగా కూర్చుందో ఇప్పటికీ లెక్కేసుకుంటుంటాను.

నిన్న బడి విడిచి అందరూ వెళ్ళాక ఆ పాపను ఆపాను. సరైన పేజీ తీసి, దాని వేలు పట్టుకుని మొదటి మాట మీద పెట్టాను.

"ఎవ్వరికీ చెప్పనులే," అన్నాను. అవ్వతో అనవలసిన మాట అది.